ఏడాది సేవకు బయలుదేరే ముందు
(నరసరావుపేటలో జరిగిన యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

నన్ను అభినందించడానికి పిలిచారు. ఇంకా విమానమే ఎక్కలేదు కాబట్టి అభినందనలు తిరిగొచ్చాక తీసుకుంటాను. ఈ ఎనిమిది నెలలు ఏం తయారీ చేశానో చెబితే మీకు ఎక్కువ పనికొస్తుంది.

నేను వెళ్తున్నది జర్మనీకి. ఉద్యోగానికీ కాదు, చదువుకీ కాదు, ఒక వృద్ధాశ్రమంలో ఏడాది స్వచ్ఛంద సేవకు. అక్కడి ప్రభుత్వం 2008లో ‘వెల్ట్‌వెర్ట్స్’ అనే పథకం పెట్టి తమ యువతను మనలాంటి దేశాలకు పంపడం మొదలుపెట్టింది. ఎప్పుడూ వాళ్ళే రావడమేమిటి, ఇక్కడి పిల్లలు కూడా అక్కడికొచ్చి పనిచేయకూడదా అన్న మాట వచ్చింది. 2013లో ఆ దారి కూడా తెరిచారు. టికెట్టు, బస, భోజనం, బీమా వాళ్ళే చూస్తారు. చేతి ఖర్చుకు కొంత ఇస్తారు. జీతం మాత్రం ఉండదు.

ఈ జీతం మాట దగ్గరే ఇంట్లో ఆగిపోయాం. ‘ఏడాదిపాటు నువ్వేమీ పంపకపోతే తమ్ముడి ఫీజు ఎవరు కడతారు?’ అన్నాడు నాన్న. న్యాయమైన ప్రశ్న. కూర్చుని లెక్క వేశాం. నేను దాచిన డబ్బుతో సగం కట్టేశాను, మిగతా సగం మిరపకోతలు అయ్యాక నాన్న కడతాడు. అది తేలాకే దరఖాస్తు పెట్టాను. మీ ఇంట్లో లెక్క తేలకపోతే ఒక ఏడాది ఆగండి. సేవ చేయడానికి వెళ్తూ ఇంటి మీద అప్పు పెట్టి పోవడం నాకు నచ్చదు.

మా యాడి అడిగింది వేరు. ‘అక్కడి ముసలివాళ్ళకు సొంత పిల్లలు లేరా, నువ్వు పోయి చూడాలా?’ అంది. ఉన్నారు యాడీ, దూరంగా ఉంటారు అన్నాను. ‘ఇప్పుడు నువ్వూ అంతేగా’ అంది. దానికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

ఇక కాగితాల సంగతి. మన ఇళ్ళల్లో అసలు చిక్కు ఇక్కడే. ఇంటిపేరు తెలుగులో ఒక్కటే. ఇంగ్లీషులో రామావత్ అని రాస్తే చివర ‘హెచ్’ ఒక కాగితంలో ఉంటుంది, ఇంకో కాగితంలో ఉండదు. ఒక చోట ‘బాయి’ పేరులో కలిసిపోతుంది, ఇంకో చోట విడిగా ఉంటుంది. పుట్టినరోజు బళ్ళో వేసినప్పుడు మాస్టారు రాసిందే. పదో తరగతి సర్టిఫికెట్, ఆధార్, పాన్ మూడూ ముందు పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూడండి. విదేశం వెళ్ళినా వెళ్ళకపోయినా ఈ పని ఈ సెలవుల్లోనే చేయండి. నాకు ఆధార్ సరిచేయించడానికి పట్టినంత కాలం పాస్‌పోర్టుకు పట్టలేదు. పాస్‌పోర్టుకు నేను కట్టిన ఫీజు 1,500 రూపాయలు, అంతే.

తర్వాత పోలీసు విచారణ. తండాలోకి పోలీసు బండి వస్తుందనగానే మా నాయనమ్మ నన్ను లోపలికి పొమ్మంది. నవ్వకండి. 1871లో తెల్లవాళ్ళు తెచ్చిన నేరస్థ తెగల చట్టం 1952 దాకా ఉంది. పుట్టుకతోనే దొంగలని ముద్ర వేసి, హాజరు వేయించుకుని, ఊరు దాటాలంటే చీటీ తెచ్చుకోమన్న చట్టం అది. బాపట్ల పక్కన స్టువర్టుపురం ఎలా పుట్టిందో ఎరుకల పెద్దలకు నేను చెప్పక్కర్లేదు. ఆ భయం నాయనమ్మకు తన పెద్దల నుంచి వచ్చింది. వచ్చిన కానిస్టేబులు చిరునామా చూసి, కేసులేమైనా ఉన్నాయా అని అడిగి, సంతకం పెట్టించుకుని వెళ్ళాడు. ఆయనకు మజ్జిగ ఇచ్చింది నాయనమ్మే.

ఏజెంట్ల గురించి ఒక్క మాట. సేవకు పంపిస్తామని లక్షలు అడిగేవాడు ఉన్నాడంటే అది సేవ కాదు. ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల కార్యక్రమం కూడా ఉంది, 1970లో పెట్టారు. దరఖాస్తుకు వాళ్ళు పైసా అడగరు. ఎక్కడికి వెళ్ళినా మీ పాస్‌పోర్టు మీ దగ్గరే ఉండాలి.

జర్మన్ భాష నేర్చుకుంటున్నాను. ప్రతి వస్తువుకూ ఆడో మగో రెండూ కాకుండానో ఒక గుర్తు ఉంటుంది, అది బట్టీ పట్టాల్సిందే. ఇంట్లో గోర్‌బోలీ, బళ్ళో తెలుగు, కాలేజీలో ఇంగ్లీషు అయ్యాక నాలుగోది మనకు మరీ అంత కష్టం కాదు. నన్ను భయపెడుతున్నది డిసెంబరు. అక్కడ సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడిపోతుందట. చలికాలంలో వాళ్ళ గడియారం మనకన్నా నాలుగున్నర గంటలు వెనక. రాత్రి ఎనిమిదింటికి యాడి ఫోన్ చేస్తే నాకు మధ్యాహ్నం మూడున్నర, డ్యూటీలో ఉంటాను. అందుకే ఆదివారం ఒక్కరోజే మాట్లాడుకుందామని ఒప్పందం చేసుకున్నాం. ఒప్పుకుంది గానీ నిలబడుతుందని నాకు నమ్మకం లేదు.

మన తాతలు ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశాలు తిరిగినవాళ్ళు. ఊరు దాటడం మనకు కొత్త కాదు, ఒంటరిగా దాటడమే కొత్త. వాళ్ళ వెంట తండా మొత్తం నడిచింది. నా వెంట ఇరవై మూడు కిలోల పెట్టె. అందులో యాడి కుట్టిన కాంచళి ఒకటి, మిరపకారం రెండు కిలోలు, స్వెట్టర్లు.

పాస్‌పోర్టు కాగితాల ఫైలు తెచ్చాను. భోజనాల దగ్గర కూర్చుంటాను, చూడాలనుకున్నవాళ్ళు రండి. చెల్లెళ్ళు మీ నాన్నలను కూడా తీసుకురండి, వాళ్ళ ప్రశ్నలకు మా నాన్న జవాబు చెబుతాడు.