కాకరకాయ గురించి మేము సరిదిద్దుకుంటున్న మాట
(వార్షిక మహాసభలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ అన్నీ విన్నారు. ఇప్పుడు కాకరకాయ గురించి చెబుతామంటే వెనకాల కొందరు నవ్వుతున్నారు. నవ్వండి, ఫరవాలేదు. పోయిన ఏడాది ఇదే సభలో మా ఉపసంఘమే లేచి, పొద్దున్నే పరగడుపున గ్లాసుడు కాకర రసం తాగితే షుగరు దిగిపోతుందని చెప్పింది. మీరు చప్పట్లు కూడా కొట్టారు. ఆ మాటలో కొంత నిజముంది, కొంత లేదు. లేని భాగం వల్ల మన సభ్యురాలు ఒకామె ఆసుపత్రి దాకా పోయి వచ్చింది. అందుకే ఈ ఏడు మళ్లీ మేమే లేచినాము.

ఆమె పేరు, ఊరు చెప్పము. షుగరుకు రోజూ రెండు రకాల మాత్రలు వేసుకుంటుంది. మేము చెప్పినప్పటి నుంచి రసం మొదలుపెట్టింది. ఒక శనివారం ఉపవాసముంది. మాత్రలు వేసుకునింది, పెద్ద గ్లాసు రసం తాగింది, ఏమీ తినకుండానే శెనక్కాయ చేనులో కలుపుకు పోయింది. పది గంటలకు ఒళ్లంతా చెమటలు, చేతులు వణుకు. పక్కనున్నోళ్లు ఎండదెబ్బ అనుకుని నీడకు తీసుకుపోయి మజ్జిగ ఇచ్చినారు. కాసేపటికి మాట తడబడింది, మనిషి ఒరిగిపోయింది. 108 వచ్చింది. రక్తంలో చక్కెర బాగా పడిపోయిందని గ్లూకోజు ఎక్కించినారు. మరుసటి రోజు ఇంటికొచ్చింది. మేము చూడబోతే, "అక్కా, సంఘం వాళ్లు చెప్పిందే కదా చేసినా" అనింది. దానికి మా దగ్గర జవాబు లేదు.

ఇంకొకామె కథ దీనికి పూర్తిగా తిరకాసు. కాకర పొడి ఉంది కదా అని మాత్రలు మానేసింది. మూడు నెలలు బాగానే ఉన్నాననుకుంది. కాలి వేలి దగ్గర చెప్పు ఒరుసుకున్న పుండు ఎంతకూ మానకపోతే అప్పుడు పరీక్ష చేయించుకుంది. వేలు దక్కింది గానీ చాలా రోజులు పనికి పోలేదు, సంఘం కిస్తీ కూడా తప్పింది.

ఈ రెండూ జరిగినాక మేము డాక్టరమ్మను, ఏఎన్ఎంను అడిగి, ఉన్నది ఉన్నట్టు తెలుసుకున్నాము. అదే ఇప్పుడు చెబుతున్నాము.

కాకరలో గుణం లేదని ఎవరూ అనలేదు. దాంట్లో చారంటిన్ అనే పదార్థముంది. రాజస్థాన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కాకర నుంచి ఇన్సులిన్ మాదిరి పనిచేసే ఒక మాంసకృత్తును తీసి, 1981లో దాని గురించి రాసినారు. ఇది విని మేము కూడా ఎగిరి గంతేసినాము. తర్వాత తెలిసిన సంగతేమంటే వాళ్లు దాన్ని సూదిమందుగా చర్మం కిందకు ఇచ్చినారు. నోటితో తింటే కడుపులో అది పప్పు, గుడ్డు అరిగినట్టే అరిగిపోతుంది. ఇన్సులిన్‌ను మాత్రగా కాకుండా సూదిగా వేసేది కూడా అందుకే.

మనుషుల మీద చేసిన పరీక్షల ఫలితాలు ఒక్క తీరుగా లేవు. థాయ్‌లాండ్‌లో చేసి 2011లో ప్రచురించిన పరీక్షలో రోజుకు 2,000 మిల్లీగ్రాముల కాకర పొడి తీసుకున్నవాళ్లకు నాలుగు వారాల్లో చక్కెర కొంచెం తగ్గింది. అయితే రోజుకు 1,000 మిల్లీగ్రాముల మెట్‌ఫార్మిన్ తీసుకున్నవాళ్లకు తగ్గినంత తగ్గలేదు. ఫిలిప్పీన్స్‌లో 2007లో వచ్చిన ఇంకో పరీక్షలో, మూడు నెలల సగటు చక్కెరలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇట్లాంటి పరీక్షలన్నిటినీ కలిపి చూసే కోక్రేన్ సంస్థ వాళ్లు 2012లో, షుగరు జబ్బుకు కాకరను మందుగా వాడమని చెప్పడానికి ఆధారాలు చాలవని తేల్చినారు. అంటే, కాకరకు కొంత పని ఉంది, మాత్ర చేసేంత పని లేదు.

ఆ కొంత పనే మాత్రతో కలిసినప్పుడు ప్రమాదమవుతుంది. ఇది కొత్త సంగతి కాదు. 1979లోనే లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఇంగ్లండ్‌లో ఉన్న ఒకామె గురించి రాసినారు. ఆమె క్లోర్‌ప్రోపమైడ్ అనే షుగరు మాత్ర వాడుతూ కాకర కూర తినేది. రెండూ కలిసి చక్కెర అనుకున్నదానికంటే ఎక్కువ పడిపోయింది. ఇప్పుడు మనవాళ్లు ఎక్కువగా వాడే గ్లిమిపిరైడ్ కూడా ఆ జాతి మందే. మీ చీటీలో ఆ పేరున్నా, ఇన్సులిన్ సూదులు వేసుకుంటున్నా, పరగడుపున రసం జోలికి పోవద్దు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు ఆ భయం తక్కువ. అయినా డాక్టరును అడగకుండా వద్దు. మీ మాత్ర పేరు మీకు తెలియకపోతే, ఈ రోజు ఏఎన్ఎం అమ్మ ఇక్కడే ఉంది, చీటీ చూపించండి.

చక్కెర పడిపోతే గుర్తులు: చెమట, వణుకు, గుండె దడ, ఆకలి, కళ్లు తిరగడం, మాట తేడా. మనిషికి తెలివి ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాపండి, పావుగంట చూడండి, తగ్గకపోతే మళ్లీ తాపండి. తేరుకున్నాక ఏదైనా తినిపించండి. తెలివి తప్పిన మనిషి నోట్లో చుక్క కూడా పోయకండి, 108కి ఫోన్ చేయండి. మజ్జిగతో లాభం లేదు. చేనికి పోయేటప్పుడు షుగరున్న వాళ్లు కొంగున ఒక బెల్లం ముక్క కట్టుకుంటే చాలు.

గర్భంతో ఉన్నవాళ్లకు రసం, పొడి, కషాయం ఏదీ వద్దు. జంతువుల మీద పరీక్షల్లో గర్భం నిలవకపోవడం చూసినారు. మన అవ్వలు ఎప్పటి నుంచో వద్దంటున్నది ఊరికే కాదు. చిన్నపిల్లలకు కూడా రసం తాపొద్దు. ఇంకొక మాట, సొరకాయ చేదుగా ఉంటే ఆ రసం ఎవరూ తాగొద్దు. 2010లో ఢిల్లీలో ఒక శాస్త్రవేత్త సొర, కాకర రసం కలిపి తాగి చనిపోయినాక, భారత వైద్య పరిశోధన మండలి కమిటీ వేసి ఇదే హెచ్చరిక ఇచ్చింది. కాకర చేదు వేరు, సొరలో వచ్చే చేదు వేరు. సొరలో చేదంటే విషమనే అనుకోండి.

ఇప్పుడు కష్టమైన సంగతి. మన సమాఖ్య తయారుచేసిన కాకర పొడి ప్యాకెట్ల మీద "షుగరుకు దివ్యౌషధం" అని అచ్చు వేయించింది మనమే. 1954 నాటి చట్టం ప్రకారం షుగరు జబ్బును నయం చేస్తామని ప్రకటించుకోవడమే నేరం. ఆ సంగతి మాకు తెలియదు. తెలియదంటే చట్టం ఊరుకోదు, ఆ రెండో అక్క కాలు కూడా ఊరుకోలేదు. మిగిలిన లేబుళ్లన్నీ కాల్చేసినాము. ఆ నష్టం ఆదాయ వ్యయాల పట్టికలో ఉంది, దాచలేదు. ఇకమీదట ప్యాకెట్ మీద "కాకరకాయ కారం పొడి, అన్నంలోకి" అని మాత్రమే ఉంటుంది. అమ్మకం తగ్గుతుందని కొన్ని గ్రామ సమాఖ్యలు అడ్డు చెప్పినాయి. తగ్గుతుంది, నిజమే.

అయితే కాకరను వదిలేయమంటున్నామా? వదలము. వంద గ్రాముల పచ్చి కాకరలో 20 కాలరీలు కూడా ఉండవు. పీచు ఉంటుంది, సి విటమిన్ దండిగా ఉంటుంది. కూరగా వారానికి రెండు మూడుసార్లు తినండి. షుగరు మాత్రలు వేసుకునేవాళ్లు కూడా, భోజనం మానకుండా అన్నం, సంగటిలోకి మామూలుగా తినొచ్చు. పిండి, ఉప్పు వేసి చేదంతా పిసికి పారబోసి, నూనెలో ముంచి, గుప్పెడు బెల్లం వేస్తే అది కాకర కాదు, మిఠాయి. మన పక్క పద్ధతే మేలు. తొక్క పైపైన గీకి, గింజ ముదిరితే తీసేసి, శెనక్కాయల పొడి, ఎండుమిరప, వెల్లుల్లి దంచి కూరి, మూత పెట్టి మగ్గనివ్వడం. (కర్నూలు అక్కలు బుడ్డల పొడి అంటారు, రెండూ ఒకటే. దీని మీద టీ విరామంలో కొట్లాడుకోవద్దు.)

కూర ఎంత తిన్నామన్నది కాదు, దాని కింద అన్నం ఎంత పెట్టుకున్నామన్నది చూడాలి. రెండు చెంచాల కాకరకు తట్టెడు తెల్లన్నం తిని, షుగరు దిగలేదని కాకరను తిడుతున్నాము. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చినాక ఆకలి తీరింది, అది చిన్న మేలు కాదు. కానీ జొన్న రొట్టె, కొర్రన్నం కంచం నుంచి జరిగిపోయినాయి. 2023లో వైద్య పరిశోధన మండలి అధ్యయనం దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగరుందని చెప్పింది. ఒక పూటైనా రొట్టె పెట్టుకుని, దాంట్లోకి కాకర తినండి.

కొనాల్సిన పని కూడా లేదు. తొలకరికి గానీ, జనవరి, ఫిబ్రవరిలో గానీ నాలుగు గింజలు రాత్రి నానబెట్టి, గిన్నెలు కడిగిన నీళ్లు పోయే చోట గుంత తీసి పెట్టండి. పందిరి లేకపోతే కంపకంచెకు పాకించండి. రెండు నెలలకు కాయ వస్తుంది. మొదట పూలన్నీ రాలిపోతున్నాయని కంగారుపడి చానామంది తీగ పీకేస్తారు. ముందు పూసేవి మగ పూలు, అవి రాలాల్సిందే. వెనక చిన్న పిందె ఉన్నది ఆడ పువ్వు. పండు ఈగ కుట్టకుండా పిందెకు కాగితం పొట్లం కట్టండి. కుళ్లిన కాయను దిబ్బలో వేయకుండా లోతుగా పూడ్చండి, లేదంటే ఈగ అక్కడే పిల్లలు పెడుతుంది. ఒక మంచి కాయను తీగ మీదే పండి పగలనివ్వండి. ఎర్ర గుజ్జు కడిగేసి గింజలు నీడలో ఆరబెట్టి బూడిదలో దాచండి.

గింజల పొట్లాలు వాకిలి దగ్గర బల్ల మీద ఉన్నాయి. సంఘానికి ఒకటి, సంతకం పెట్టి తీసుకోండి. డబ్బులు వద్దు, వచ్చే మహాసభకు వచ్చేటప్పుడు పొట్లానికి పది గింజలు తిరిగి తెచ్చివ్వాలి. షుగరు పరీక్ష పక్క గదిలో జరుగుతా ఉంది. పోయినసారి రసం తాగమని మేము చెబితే తాగినవాళ్లు ముందుగా ఆ గదికి పోండి.