మీట్స్ అండ్ బౌండ్స్: కాగితం మీది ఎకరా, నేల మీది ఎకరా
(కోడుమూరులో దళిత రైతు, కూలీల సమావేశంలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



ఈ పొద్దు మనం ఒక ఇంగ్లీషు మాట గురించి మాట్లాడుకుందాం. ఇంగ్లీషుతో మనకేం పని అనొద్దు. మన చేను మీద తీర్పు రాసే భాష అది. తెలుసుకోకుంటే మోసపోయేది మనమే.

కోర్టు కాగితాల్లో 'మీట్స్ అండ్ బౌండ్స్' అని ఉంటుంది. వకీలు గడగడా చదువుతాడు, మనం తలూపి వస్తాం. ఇంతకూ ఏంది దాని అర్థం? రెండు మాటలూ హద్దునే చెప్తాయి. 'మీట్' పాత లాటిన్ మాట నుంచి వచ్చింది. పందెపు మైదానంలో మలుపు కాడ నిలిపిన స్తంభాన్ని రోమన్లు అట్లా పిలిచేవాళ్ళు. వాడుకలో మీట్ అంటే కొలిచి గీసిన గీత. బౌండ్ అంటే కంటికి కనిపించే ఆనవాలు: వంక, రస్తా, రాయి, పక్కోని చేను. రెండూ కలిస్తే కొలతలూ హద్దులూ. మన దస్తావేజుల్లో నాలుగు దిక్కులూ రాసే చెక్కుబందీ ఈ పనే చేస్తుంది.

అన్నదమ్ముల భాగాల దావా చూడండి. కోర్టు మొదట ఎవరికెంత వాటా అని ప్రాథమిక డిక్రీ ఇస్తుంది. దాంతో చేను చేతికి రాదు. కమిషనరు పొలం కాడికొచ్చి కొలిచి, ఎవరి ముక్క ఎక్కడో చూపాల. ఆ తర్వాతే తుది డిక్రీ. 'మూడింట ఒకటి నీది' అంటే కడుపు నిండదు. 'ఈ రాయి నుంచి ఆ వేపచెట్టు దాకా నీది' అంటేనే నాగలి దిగుతుంది.

ఇప్పుడు మన డి-పట్టాల సంగతి. సర్వే నంబరు ఉంటుంది, 'రెండెకరాలు' అని ఉంటుంది. ఆ రెండెకరాలు యాడ? పెద్ద నంబరులో ఇరవై మందికి పట్టాలిచ్చి, సబ్ డివిజన్ చేయక, రాళ్ళు పాతక పోతే ఎవరి ముక్క ఏదో ఎవరికి తెలుసు? పక్క భూస్వామి ఏటా ఒక సాలు లోపలికి దున్నుతాడు. అడిగితే 'నీ హద్దు చూపించు' అంటాడు. దస్తావేజులో విస్తీర్ణానికీ హద్దులకూ తేడా వస్తే కోర్టులు సాధారణంగా హద్దులకే విలువిస్తాయి. హద్దు లేనోడు ఏం చూపిస్తాడు?

పక్కోని దస్తావేజు కూడా చూడాల. మనవైపు హద్దుగా మన పేరుందా, 'బంజరు' అని ఉందా? పాత కాగితాల్లో మన పెద్దల పేరుకు ముందు కులం తగిలించి రాసినవి ఉన్నాయి. అవమానంగానే రాశారు. అయినా ఆ రాత ఈ పొద్దు మనకు సాక్ష్యం. పారేయొద్దు.

ఇంకో హద్దుంది. ఊరికీ గేరికీ నడుమ. దాన్ని ఏ సర్వేయరూ కొలవలేదు, రాయీ పాతలేదు. అయినా పసిపిల్లవానికి కూడా తెలుసు. 1927లో మహాడ్ చెరువు నీళ్ళు తాగి బాబాసాహెబ్ అంబేడ్కర్ దాటింది ఆ హద్దునే. మన భూమికి కావలసిన హద్దు లేదు, మన మనుషులకు అక్కర్లేని హద్దు ఉంది! మనం అడిగేది ఇదే: ఆ హద్దు పెరికెయ్యండి, ఈ హద్దు పాతండి.

అందుకు ఏం చేయాల?

ఒకటి: మన నంబరు కొలతల పటం, అంటే ఎఫ్.ఎం.బి. నకలు తీసుకోవాల.

రెండు: లెక్క నేర్వాల. గొలుసు 66 అడుగులు. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు ఉంటే 10 సెంట్లు. సెంటుకు 48.4 చదరపు గజాలు. బడికి పోయే మన పిల్లలే కట్టగలరు.

మూడు: కొలిచి రాళ్ళు పాతమని రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి రసీదు తీసుకోవాల. 2020 డిసెంబరులో మన రాష్ట్రంలో రీసర్వే మొదలైంది. సర్వేయరు వచ్చిన రోజు కూలి పోయినా సరే, గేరి గేరంతా పొలంలో నిలబడాల.

నాలుగు: మన భూమిని ఆక్రమించినా, దౌర్జన్యంగా వెళ్ళగొట్టినా 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. కేసు పెట్టమని అడగాల.

ఒక్కడు పోతే గదమాయిస్తారు. అందరం పోతే గొలుసు తీసుకొస్తారు.

కొలత లేని పట్టా వట్టి మాటే! మన హద్దు మన హక్కు! జై భీం!