ఊరి బడికి మనం చేయగల పని
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నన్ను పరిచయం చేస్తూ కార్యదర్శి గారు 'కంప్యూటర్ల దాత' అన్నారు. వింటుంటే సిగ్గేసింది. రిటైరైన ఏడాది ఈ బడికి అయిదు కంప్యూటర్లు ఇచ్చిన మాట నిజమే. శాలువా కప్పించుకున్నాను, ఫొటో దిగాను. రెండేళ్ల తర్వాత వచ్చి చూస్తే వాటి మీద దుప్పటి కప్పి ఉంది. బ్యాటరీలు పోయాయి, నేర్పేవాళ్లు లేరు. తప్పు బడిది కాదు. ఇచ్చేముందు 'మీకేం కావాలండీ' అని నేను ఒక్క మాట అడగలేదు.

ఆ రోజు అడిగాను. మేడమ్ గారు కాసేపు ఆలోచించి, "మీరు బ్యాంకులో చేశారు కదండీ, ఈ పిల్లాడి సంగతి కాస్త చూడండి" అన్నారు.

వాడు ఎనిమిదో తరగతిలో నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్ పరీక్ష రాసి ఎంపికయ్యాడు. మన కాలంలో లేదు కనుక చెబుతున్నాను. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల్లో చదివే పిల్లలకి, ఇంటి ఆదాయం ఏడాదికి 3,50,000 రూపాయలు దాటకపోతే, తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా సంవత్సరానికి 12,000 ఇస్తారు. నాలుగేళ్లకు 48,000. కూలికెళ్లే ఇంట్లో, పదో తరగతి అయ్యాక పిల్లాడు కాలేజీకి వెళ్తాడా, మేస్త్రి వెంట వెళ్తాడా అన్నది ఆ డబ్బే తేల్చవచ్చు. వీడికి పైసా రాలేదు. ఆధార్‌లో ఇంటిపేరు ఒక రకంగా, బడి రికార్డులో ఇంకో రకంగా ఉంది. వాళ్లమ్మ రెండుసార్లు బ్యాంకుకి వెళ్లి, రెండు రోజుల కూలి పోగొట్టుకుని, 'రేపు రా' అనిపించుకుని వచ్చింది. కౌంటరు లోపల కూర్చుని నేనూ అలా ఎంతమందిని తిప్పి పంపానో నాకు తెలుసు.

నాకు పట్టింది మూడు పూటలు. ఆధార్ కేంద్రంలో ఒకటి, బ్యాంకులో ఒకటి, పోర్టల్లో దరఖాస్తు సరిచూడ్డానికి బడిలో ఒకటి. డబ్బు వచ్చింది. అంతకుముందు ఏడాది ఇలాగే రెన్యువల్ చేసేవాళ్లు లేక ఒకమ్మాయికి ఆగిపోయిందట. ఆమె సంగతి నాకు తెలిసేసరికి పెళ్లయిపోయింది. ఆ ఏడాదంతా నేను ఈ ఊళ్లోనే ఉన్నాను.

బ్యాంకు ఉద్యోగమే చేసి ఉండక్కర్లేదు. మా బ్యాచ్‌లో ఎలక్ట్రీషియన్ ఒకాయన ఉన్నాడు. ఆదివారం వచ్చి గంటలో మోటారు బాగుచేశాడు. అప్పటిదాకా బాత్రూముల్లో నీళ్లు లేక ఆడపిల్లలు పొద్దుటినుంచి మంచినీళ్లు తాగడమే మానేశారు. ఆయన పేరు ఏ పలక మీదా లేదు. మా బ్యాచ్ అమ్మాయి ఒకరు (అమ్మాయి అనకూడదేమో, అమ్మమ్మ అయింది) శనివారాలు వరండాలో నలుగురు పిల్లల్ని కూర్చోబెట్టుకుని చదివించుకుని వింటుంది. పాఠం చెప్పదు, అది మాస్టార్ల పని. ఆరో తరగతి పిల్లాడు గడగడా చదివేస్తుంటే మురిసిపోవద్దంటుంది. వేలు ఏ అక్షరం మీద ఉందో చూడాలట. కొందరు కంఠతా పట్టి అప్పజెబుతారు, వేలు మాత్రం పై వరసలోనే ఉంటుంది.

తల్లిదండ్రులకు ఒక మాట. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది మీరే ఉండాలి, సగం మంది ఆడవాళ్లు ఉండాలి. బడికి వచ్చిన గ్రాంటు ఎలా ఖర్చవుతోందో చూసే హక్కు ఆ కమిటీకి ఉంది. కానీ ఉదయం పదకొండింటికి సమావేశం పెడితే నాట్లు వేసే మనిషి ఎలా వస్తుంది? మేడమ్ గారు దాన్ని సాయంత్రం ఆరింటికి మార్చారు. అంతకుముందు రిజిస్టర్లో సంతకాలు ఉండేవి, మనుషులు ఉండేవారు కాదు.

మనవాళ్లకి కూడా చిన్న మనవి. ఇన్‌స్పెక్టర్లలాగా రావద్దు. ముందు కబురు చేసి, మేడమ్ గారు రమ్మన్న వేళకే రండి. నోటు పుస్తకాలిస్తూ పిల్లల్ని వరసగా నిలబెట్టి ఫొటోలు తీసి గ్రూపులో పెట్టకండి. ఆ పిల్లల్లో మన అప్పటి మొహాలే ఉన్నాయి. ఒకసారి మొదలుపెడితే మాత్రం మానకండి. రెండు వారాలు వచ్చి మాయమయ్యే మనిషికంటే అసలు రానివాడే నయం, పిల్లలు గేటు వైపు చూస్తుంటారు.

ఈ ఏడాది నలుగురు ఎంపికయ్యారు. ఇద్దరి ఖాతాలు సరిగానే ఉన్నాయి. మిగతా ఇద్దరి కాగితాలు ఈ సంచిలో ఉన్నాయి. సోమవారం వాళ్లమ్మలని మండల కేంద్రానికి తీసుకెళ్లాలి, నా స్కూటరు మీద ఇద్దరు పట్టరు. భోజనాలయ్యాక వేపచెట్టు కింద కూర్చుంటాను. కారున్నవాళ్లు ఎవరైనా ఒకసారి వచ్చి కనబడండి.