కిటికీలో కొత్తిమీర పెంచుదాం, అప్పు మాత్రం చేయొద్దు
(సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం)



ఈ ఏడాది మన సంఘాల సమావేశాల్లో ఒక ప్రశ్న మళ్లీ మళ్లీ వచ్చింది. ఇంట్లోనే కొత్తిమీర, పుదీనా పెంచుకోవడానికి ట్రేలు, లైటు, మట్టి, విత్తనాలు అన్నీ కలిపి ఒక పెట్టెలా అమ్ముతున్నారు. సంఘంలో అంతర్గత అప్పు తీసుకుని అది కొనుక్కోవచ్చా అని సభ్యులు అడుగుతున్నారు. దాని మీద మాట్లాడమని నాకు చెప్పారు. నా మాట ముందే చెప్పేస్తాను. ఆకు పెంచుదాం, తప్పకుండా పెంచుదాం. దానికోసం ఒక్క రూపాయి కూడా అప్పు చేయొద్దు.

ఎందుకంటారా? లెక్క మీరే వేయండి. కొత్తిమీర కట్ట పది రూపాయలనుకుందాం. వారానికి రెండు కట్టలు ఇంట్లోనే వచ్చినా నెలకి మిగిలేది ఎనభై రూపాయలు. రెండు వేలు పెట్టి పెట్టె కొంటే ఆ డబ్బు తిరిగి రావడానికి రెండేళ్లు దాటుతుంది. వడ్డీ, కరెంటు బిల్లు దీని మీద అదనం. కుట్టు మిషను మీద తీసుకున్న అప్పు నెలనెలా కుట్టుకూలి తెస్తుంది. ఈ అప్పు అలాంటిది కాదు. ఇడ్లీ బండి, కర్రీ పాయింటు నడిపే సభ్యులు కూడా ఒకటి గుర్తుపెట్టుకోవాలి. వ్యాపారానికి రోజూ కావలసిన ఆకు కిటికీలో పండదు. దానికి కాళేశ్వరరావు మార్కెట్టుకి పోవలసిందే.

మరి ఎందుకు పెంచాలి అంటే, వంటింట్లో వాడకానికి. చారులోకి రెండు రెబ్బలు కావాలంటే కట్ట మొత్తం కొంటాం, సగం కుళ్లిపోతుంది. ఎండాకాలంలోనూ, పెద్ద వానలు పడినప్పుడూ ఆకు ధర పెరుగుతుంది. ఇంట్లో ఉంటే అవసరమైనంతే తుంచుకుంటాం. పురుగు మందు కొట్టలేదని మనకి తెలుసు.

గవర్నర్‌పేటలో మన ఇళ్లు ఎలాంటివో అందరికీ తెలుసు. కింద షాపు, పైన రెండు గదులు, పక్కనే ఇంకో గోడ. డాబా ఓనరు చేతిలో ఉంటుంది. అందుకని విత్తనం కొనేముందు వెలుతురు చూసుకోండి. పగలు పదింటికో పదకొండింటికో కిటికీ దగ్గర చెయ్యి చాపండి. కింద నీడ స్పష్టంగా పడితే కొత్తిమీర వస్తుంది. నీడ మసకగా ఉంటే పుదీనా, వాము ఆకు పెట్టుకోండి. అసలు నీడే పడకపోతే అక్కడ ఏదీ బాగా రాదు, ఆశ పెట్టుకోవద్దు. కరివేపాకుకి గట్టి ఎండ, పెద్ద కుండీ కావాలి. దాన్ని గదిలో పెట్టి బాధపడొద్దు.

ముందు అందరూ మెంతికూరతో మొదలుపెట్టండి. పోపులపెట్టెలో ఉన్న మెంతులే చాలు. రాత్రి నానబెట్టి పొద్దున చల్లితే మూడు నాలుగు రోజుల్లో మొలక వస్తుంది, మూడు వారాలకల్లా చిన్న మెంతికూర కోసుకోవచ్చు.

పుదీనాకి విత్తనం అక్కర్లేదు. కట్ట కొన్నప్పుడు నాలుగు ముదురు కాడలు తీసి, కింది ఆకులు తుంచి, గ్లాసు నీళ్లలో పెట్టండి. వారం పది రోజుల్లో వేళ్లు వస్తాయి, అప్పుడు కుండీలోకి మార్చండి. వాము ఆకు కొమ్మ గుచ్చితే చాలు, బతుకుతుంది. దానికి నీళ్లు తక్కువ పొయ్యాలి.

కొత్తిమీరకి ధనియాలు వాడతాం. ఒక్కో ధనియంలో రెండు విత్తనాలుంటాయి. అప్పడాల కర్రతో మెల్లగా నలిపి రెండు బద్దలు చేసి, రాత్రంతా నానబెట్టి చల్లాలి. మొలక రావడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. రాలేదని తవ్వి చూడకండి. నలభై రోజులకి కోతకొస్తుంది. దసరా వెళ్లాక మొదలుపెట్టి శివరాత్రి దాకా విత్తుకోండి. మన బెజవాడ ఎండల్లో కొత్తిమీర ఆకు పెట్టకుండా పూతకొచ్చేస్తుంది. అది మీ తప్పు కాదు, ఆ మొక్క తీరే అంత.

డబ్బా ఏదైనా పర్వాలేదు, జానెడు లోతుండాలి, అడుగున చిల్లులుండాలి. రంగు డబ్బాలు, పాత బ్యాటరీ పెట్టెలు మాత్రం వద్దు, వాటిలో విషం ఉంటుంది. మన డెల్టా నల్లమట్టి ఒక్కటే వేస్తే తడికి ముద్దవుతుంది, ఎండకి బీటలిస్తుంది. మట్టి ఒక పాలు, కొబ్బరి పొట్టు ఒక పాలు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు కలపండి. వేలు పెట్టి చూసి, పైన ఆరితేనే నీళ్లు పొయ్యండి. పిట్టగోడ మీద కుండీలు పెట్టొద్దు. కింద సందులో జనం నడుస్తుంటారు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. కుండీ కింద పళ్లెంలోనూ, పుదీనా గ్లాసులోనూ నిలవున్న నీళ్లలో డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. వారం పది రోజుల్లో ఆ గుడ్డు దోమవుతుంది. గుడ్లు గిన్నె అంచుకి అంటుకుని, నీళ్లు పారబోసినా ఉండిపోతాయి. కాబట్టి గ్లాసులో నీళ్లు రోజు విడిచి రోజు మార్చండి. శుక్రవారం డ్రై డే నాడు పళ్లెం పారబోసి, పీచుతో తోమి పెట్టండి. పది రూపాయల ఆకు కోసం ఇంట్లో పిల్లల్ని ఆసుపత్రి పాలు చేసుకోకూడదు. ఈ పని చేయలేమనుకున్నవాళ్లు కుండీ పెట్టకపోయినా నష్టం లేదు.

చివరగా ఒక మాట. విత్తనాలన్నీ ఒకేరోజు చల్లితే ఆకంతా ఒకేసారి వచ్చి, తర్వాత నెలరోజులు ఏమీ ఉండదు. పొదుపు మనం ఎలా కడతాం? ఒక్కసారిగా కాదు, కొంచెం కొంచెంగా, క్రమం తప్పకుండా. విత్తనం కూడా అలాగే, పదిహేను రోజులకొక డబ్బాలో గుప్పెడు. ఒకరింట్లో పుదీనా గుబురుగా పెరిగితే నాలుగు కాడలు తెచ్చి సంఘం సమావేశంలో పక్కవాళ్లకి ఇవ్వండి. దానికి రిజిస్టరు అక్కర్లేదు, వడ్డీ లేదు.

అందుకని నేను ప్రతిపాదించేది రెండే. ఆకు పెంచే పెట్టెల కోసం సంఘ నిధి నుంచి అప్పు ఇవ్వకూడదని ప్రతి సంఘమూ తీర్మానం రాసుకోవాలి. పై నెల సమావేశానికి ప్రతి సభ్యురాలూ ఒక పాత డబ్బాకి చిల్లులు పెట్టి తీసుకురావాలి. మెంతులు నేను తెస్తాను.