మొక్కుతోపాటు మందు కూడా



"మా వారికి నయమైతే గుణదల వస్తాం తల్లీ" అని మీలో చాలామంది మొక్కుకునే ఉంటారు. ఆ గుణదల సంఘం ఎలా పెరిగిందో రెండు మాటల్లో వినండి.

విజయవాడలోని గుణదలలో పునీత జోజప్పగారి పేరిట ఒక అనాథ శరణాలయం ఉండేది. దాని బాధ్యత చూస్తున్న ఇటలీ దేశపు గురువులు ఆర్లాటిగారు 1924లో అక్కడి కొండపై లూర్దుమాత స్వరూపాన్ని ప్రతిష్ఠించారు. చుట్టుపక్కల వారు ప్రార్థనకు రాసాగారు. 1937లో విజయవాడ మేత్రాసనం ఏర్పడింది. నేడు ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో జరిగే ఉత్సవాలకు లక్షలాదిమంది మతభేదం లేకుండా వచ్చి తలనీలాలు, కొబ్బరికాయలు సమర్పిస్తారు. 1993 నుండి తిరుసభ ఫిబ్రవరి 11ను ప్రపంచ వ్యాధిగ్రస్తుల దినంగా కూడా పాటిస్తోంది.

దిక్కులేని పిల్లలను సాకే చోట పెరిగిన సంఘమిది. అందుచేత రోగికి మీరు చేసే సేవే మొదటి మొక్కు.

మొక్కుకున్నామని మందులు మానవద్దు. బి.పి., షుగరు మాత్రలు డాక్టరును అడగకుండా ఆపితే ప్రాణానికే ముప్పు. క్షయ మందులు మధ్యలో మానేస్తే జబ్బు ఆ మందులకు లొంగకుండా పోవచ్చు. యాత్రకు వెళితే మాత్రలు, డాక్టరు చీటీ వెంట ఉంచుకోండి. గుండెజబ్బు, ఆయాసం ఉన్నవారిని కొండ ఎక్కించేముందు డాక్టరు సలహా తీసుకోండి.

రోగి దగ్గర ఒక్కరే రాత్రింబవళ్లు కూర్చోకండి, వంతులు వేసుకోండి. ఇంట్లో మనుషులు చాలకపోతే మీ విచారణలోని వారిని సాయం అడగండి. మొహమాటపడకండి. సంఘం ఉన్నది అందుకే.