అడగడమూ ఒక చదువే
(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన పిల్లలు ఎం.ఏ. సోషియాలజీలోనో, ఎం.ఎస్.డబ్ల్యూ.లోనో చేరితే అందులో సామాజిక పరిశోధనా పద్ధతులు అని ఒక పేపరు ఉంటుంది. "ఇంటింటికీ తిరిగి ప్రశ్నలడగడానికి పీజీ చదవాలా?" అని నవ్వేవారు మనలోనే ఉన్నారు. గణాంక శాఖలో పనిచేసినవాణ్ణి కనుక ఆ ప్రశ్నకు నాకు తోచిన జవాబు చెబుతాను.

ఈ చదువులో మొదటి పాఠం, ఎవరిని అడగాలి అన్నది. రెవెన్యూ, వ్యవసాయ శాఖల మిత్రులకు పంట కోత ప్రయోగం గుర్తుండే ఉంటుంది. వరిలో అయిదు మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పు చెక్క కోసి తూకం వేసేవాళ్లం. పొలాన్ని, పొలంలో చోటునీ ర్యాండం నంబర్ల పట్టిక చూసి నిర్ణయించాలి. రైతు "బాబూ, ఆ గట్టు పక్క మడి బాగుంది, అది కొయ్యండి" అనేవాడు. బాగున్న మడే కోస్తే ఊరి దిగుబడి తప్పుగా తేలుతుంది. మనుషుల విషయంలోనూ అంతే. రోడ్డు పక్క ఇళ్లు, చదువుకున్నవారి ఇళ్లు మాత్రమే అడిగి వస్తే అది ఊరి లెక్క కాదు.

తాళం వేసిన ఇల్లు ఇంకా పెద్ద చిక్కు. మన తీరం నుంచి మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావల్‌కు వేటకు వెళ్లి నెలల తరబడి అక్కడే ఉంటారు. అలా వెళ్లి 2018లో పాకిస్తాన్‌కు చిక్కిన మనవాళ్లు 2020 జనవరిలో గాని విడుదల కాలేదు. వలసల మీద పరిశోధన చేసే విద్యార్థి తాళం వేసిన ఇల్లు వదిలి పక్కింటికి వెళ్లిపోతే, ఎవరి కోసం వచ్చాడో వారే లెక్కలోకి రారు.

ఉద్దానం సంగతి చూడండి. కిడ్నీ జబ్బు మొదట్లో బయటపడదు. ఆసుపత్రికి వచ్చినవారిని మాత్రమే లెక్కపెడితే ముదిరినవారే కనిపిస్తారు. ఊళ్లను, ఇళ్లను పద్ధతి ప్రకారం ఎంచుకుని, బాగున్నామనుకునేవారినీ పరీక్షిస్తేనే అసలు సంఖ్య తెలుస్తుంది. ఇక్కడ పద్ధతి తప్పితే మందులు, మంచినీళ్లు చేరవలసిన చోటికి చేరవు.

రెండో పాఠం, ఎలా అడగాలి అన్నది. పలాసలో జీడిపిక్కల పని చేసే ఆడమనిషిని "మీరు ఉద్యోగం చేస్తున్నారా?" అని అడిగితే "నానేటి ఉద్యోగం బాబూ, ఇంటికాడే ఉంటాను" అనవచ్చు. "నిన్న పొద్దున్నించి ఏమేం పనులు చేశావమ్మా?" అని అడిగితే గంటల లెక్క తేలుతుంది. మనిషి ఒక్కరే, మారింది ప్రశ్న.

భాష రాకపోతే ఆ ప్రశ్నా వేయలేం. ఈ పని మనవాడొకరు ఏనాడో చేసి చూపించారు. గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు 1863లో శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయులయ్యారు. సవరలను తెలుసుకోవాలంటే ముందు వారి మాట నేర్వాలని నేర్చుకున్నారు. 1931లో సవర భాషా వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వెలువడ్డాయి. పీజీ పట్టా లేకుండానే క్షేత్ర పరిశోధన అంటే ఏమిటో చూపించిన మహానుభావుడాయన.

ఇప్పుడు ఎచ్చెర్లలో 2008లో వచ్చిన డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయం ఉంది. విజయనగరం జిల్లాలో 2019లో మొదలైన కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం ఉంది. పిల్లలు ఫారాలు పట్టుకుని రేపు మన గుమ్మంలోకే రావచ్చు. వస్తే మూడు మాటలు అడగండి. ఏ పని మీద వచ్చావు? నా పేరు బయటపెడతావా? ఇష్టం లేని ప్రశ్నకు జవాబు చెప్పకపోతే ఫరవాలేదా? నేర్చుకున్న విద్యార్థి ఈ మూడింటికీ తడుముకోకుండా జవాబిస్తాడు. ఆ తరువాత కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, ఉన్నది ఉన్నట్టు చెప్పండి. పెన్షన్ తక్కువ చెప్పవద్దు, జబ్బు దాచవద్దు.

మన మనవరాలే ఆ ఫారం పట్టుకుని తిరుగుతుంటే, హాస్టల్ గదిలో కూర్చుని నింపేయకమ్మా, ఎండైనా తాళం వేసిన ఇంటికి రెండోసారి వెళ్లి చూడు అని చెప్పండి. ఆ ఇంటివారి మాట లెక్కలోకి రావాలంటే అదొక్కటే దారి.