రాసేవారి భయం, చదివేవారి బాధ్యత

(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకొనేవాళ్లం. ఆలిములం కాము. అయినా కొన్నేళ్లుగా నమాజు, రోజా, జకాత్‌ల గురించి తెలుగులో చిన్న వ్యాసాలు రాసి, జిరాక్సు తీయించి, జుమా తరువాత పంచుతున్నాము. మన పిల్లల్లో చాలామందికి ఉర్దూ మాట వచ్చును గాని, ఉర్దూ అక్షరం రాదు. అందుకే ఈ సాహసం.

పంచిన ప్రతిసారీ గుండె దడే. "నీకేం తెలుసని రాశావు?" అని మౌల్వీ సాహెబ్ అంటారేమో! "ఇదేం తెలుగు?" అని తెలుగు పండితులు నవ్వుతారేమో!

ఒకసారి భయపడినంతా జరిగింది. బంగారం ఒక్కటే వున్నవారికి జకాత్ నిసాబ్ ఏడున్నర తులాలని, ఉర్దూ పుస్తకంలో వున్నది వున్నట్టు దించేశాము. అది పాత తులం, సుమారు 11.66 గ్రాములు. ఆ లెక్కన నిసాబ్ 87.48 గ్రాములు. ఇప్పటి కొట్లలో తులమంటే 10 గ్రాములే. మా పేటలో ఒక ఖాలా దగ్గర పది కాసుల నగలున్నాయి. కాసు 8 గ్రాముల చొప్పున 80 గ్రాములు. కొట్టు తులంతో చూస్తే ఎనిమిది తులాలు! చేతిలో పైసా లేక, పాపం, అప్పు తెచ్చి జకాత్ ఇచ్చింది. మౌల్వీ సాహెబ్ లెక్క చూసి, ఆమెపై జకాతే లేదన్నారు.

ఇక కలం ముట్టకూడదనుకొన్నాము. సిగ్గుపడుతూనే ఖాలా ఇంటికి పోయి క్షమాపణ అడిగాము. "ఇచ్చింది ఎక్కడికి పోతుంది బేటా? ముందు ఆ కాగితం దిద్దు. ఇంకొకరు అప్పు చేయకుండా చూడు" అన్నది. మౌల్వీ సాహెబ్ కూడా, "రాయడం మానకండి మాస్టరూ, పంచేముందు నాకు చూపించండి" అన్నారు. మరుసటి జుమాకు "మా తప్పు" అని పైన రాసి, దిద్దిన కాగితం పంచాము. ఎవరూ నవ్వలేదు. ఇద్దరు మాత్రం ఆగి, తమ బంగారం లెక్క మాచేత వేయించుకొన్నారు.

జనం భాషలో దీన్ చెప్పడం కొత్త కాదు. షా అబ్దుల్ ఖాదిర్ గారు ఢిల్లీలో 1790లో ఖురాన్‌ను ఉర్దూ చేశారు. చిలుకూరి నారాయణరావు గారు 1930 నాటికే తెలుగు చేశారు. మన పిఠాపురంలో 1885లో పుట్టిన ఉమర్ ఆలీషా గారు తెలుగులోనే పద్యాలు, నాటకాలు రాశారు. వారంతా పండితులు. మేము కాము గనుక మాకు జాగ్రత్త రెట్టింపు వుండాలి.

కావున రాసే సోదరులకు మనవి: ఏ పుస్తకంలో చూశారో చెప్పండి, ఆలిముకు చూపించండి, ఫత్వాల జోలికి పోకండి. చదివేవారికి మనవి: తప్పు కనిపిస్తే టీ కొట్లో చెప్పుకోక, మా ఇంటికి వచ్చి చెప్పండి. టీ మేమే ఇస్తాము.

వస్సలామ్.